వెజ్ బర్గర్ ప్యాటీ విరిగిపోతుంటే పిండి పెంచకండి, నీళ్లు తగ్గించండి

మీ ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను. మీది ప్రొద్దుటూరు. ఇంట్లో ఓవెన్ లేదు. బయట కొనే బన్ను తీపిగా ఉంటోందని, బన్నుతో సహా అంతా ఇంట్లోనే చేసి పిల్లలకు పెట్టాలని మూడుసార్లు ప్రయత్నించారు. రెండుసార్లు ప్యాటీ పెనం మీద తిప్పబోతే ముక్కలైంది. మూడోసారి కార్న్‌ఫ్లోర్ ఎక్కువ వేస్తే విరగలేదు గానీ రబ్బరులా సాగింది. పైగా కొరికిన ప్రతిసారీ లోపలిదంతా వెనక నుంచి జారి పళ్లెంలో పడుతోంది. ఎక్కడ తప్పుతోంది?

సూటిగా చెబుతాను. మీ ముద్దలో పిండి తక్కువ కాలేదు, నీళ్లు ఎక్కువయ్యాయి. బంగాళదుంపలు ముందురోజు రాత్రే తొక్కతో ఉడకబెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. కూరగాయలను తడి ఆరేదాకా వేయించి చల్లార్చండి. ఉప్పు చిట్టచివర కలపండి. తట్టిన ప్యాటీలను అరగంటైనా చల్లగా ఉంచి తర్వాత పెనం మీద వేయండి. ఈ నాలుగూ పాటిస్తే కార్న్‌ఫ్లోర్ డబ్బా తెరవాల్సిన పనే ఉండదు.

కర్నూలులో నాది సాయంత్రం పూట నడిచే చిన్న అంగడి. పదకొండేళ్లయింది. అంతకుముందు నాలుగేళ్లు ఒక బేకరీలో పిండి కలిపే పని చేశాను. అయినా మొదటి పెద్ద ఆర్డరు నా పరువు తీసింది. ఒక పుట్టినరోజుకు నలభై బర్గర్లు అడిగారు. వానాకాలం. అప్పుడే కుక్కరులోంచి తీసిన దుంపలను వేడిమీదే చిదిమి, పచ్చి ఉల్లిపాయలు, తురిమిన క్యారెట్, ఉప్పు అన్నీ ఒకేసారి కలిపి మూతపెట్టి పెట్టాను. రెండు గంటల తర్వాత మూత తీస్తే గిన్నె అడుగున నీళ్లు. పెనం మీద వేస్తే ప్యాటీ కాస్తా ఉప్మా అయింది. కంగారులో గుప్పెడు మైదా వేశాను, అది చాలక ఇంకో గుప్పెడు. విరగడం ఆగింది. పిల్లలు మాత్రం బన్ను తిని లోపలిది తీసి పక్కన పెట్టారు. పళ్లేలు ఎత్తింది నేనే కాబట్టి చెబుతున్నాను, సగానికి పైగా అలాగే మిగిలాయి.

మైదా పడని ముద్ద కొంత వేరే గిన్నెలో ఉండిపోయింది. పారేయబుద్ధి కాక మూత కూడా పెట్టకుండా ఫ్రిజ్‌లో తోసేశాను. మరుసటి ఉదయం ఇంట్లో టిఫిన్‌కని దాన్ని చిన్న బిళ్లలుగా తట్టి కాల్చితే ఒక్కటీ విరగలేదు. అదే దుంప, అదే ఉల్లి, చిటికెడు పిండి లేదు. రాత్రంతా ఫ్రిజ్ గాలికి తడి ఆరింది, దుంప బిగిసింది, అంతే. నలభై బర్గర్ల డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్న పాఠం అది.

దుంప ఎందుకు బిగుస్తుందంటే, ఉడికేటప్పుడు అందులోని పిండిపదార్థం నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది. చల్లారేకొద్దీ అది మళ్లీ దగ్గరగా అల్లుకుని గట్టిపడుతుంది. రాత్రి మిగిలిన అన్నం పొద్దునకు బిరుసెక్కేది ఇందుకే. వేడి దుంపతో ప్యాటీ తట్టడమంటే జావతో పిడకలు చేయబోవడం లాంటిది. తొక్క తీసి, ముక్కలు కోసి ఉడకబెట్టకండి. కోసిన ప్రతి వైపు నుంచీ నీళ్లు లోపలికి వెళతాయి. దుంప కూడా పాతదై ఉండాలి. గోరుతో గీకితే పొర ఊడొచ్చే కొత్త దుంప కూరకు బాగుంటుంది, దీనికి పనికిరాదు.

చల్లారిన దుంపను తురుముపీట మీద తురమండి. మిక్సీలో మాత్రం వేయకండి. బ్లేడు దెబ్బకు దుంపలోని పిండిపదార్థమంతా బయటికొచ్చి జిగురవుతుంది. మూడోసారి మీకు వచ్చిన రబ్బరు సాగుడులో కార్న్‌ఫ్లోర్ వంతు ఎంతో, మిక్సీ వంతు కూడా అంతే ఉండవచ్చు. మీరు మిక్సీ వాడారో లేదో రాయలేదు, వాడి ఉంటారనే నా అనుమానం.

మిగతా తడి కూరగాయల నుంచి వస్తుంది. క్యారెట్, బీన్స్ సన్నగా తరిగి, చెంచాడు నూనెలో మూత పెట్టకుండా వేయించండి. మూత పెడితే ఆవిరి తిరిగి అందులోకే పడుతుంది. ఉల్లిపాయ విషయంలో కాలం కూడా చూసుకోవాలి. వానాకాలపు పంటగా మా కర్నూలు మార్కెట్‌కు వచ్చే ఉల్లిలో నీరెక్కువ, నిల్వ కూడా ఆగదు. ఆ ఉల్లి వేస్తే మరో ఐదు నిమిషాలు ఎక్కువ వేయించండి. వేయించిన దాన్ని పళ్లెంలో పరిచి ఫ్యాను కింద పెట్టి, పూర్తిగా చల్లారాకే కలపాలి.

ఇక ఉప్పు. ఆవకాయకు ముక్కలు ఊరబెట్టేవారికి ఉప్పు ఏం చేస్తుందో నేను చెప్పనక్కర్లేదు. ముద్దలోనూ అదే చేస్తుంది. అందుకే తట్టబోయే ముందు, చిట్టచివర ఉప్పు. కలిపాక ఎక్కువసేపు ఉంచకుండా తట్టేయాలి.

చాలా ఇళ్లలో బ్రెడ్డు ముక్కలను నీళ్లలో ముంచి తీసి, చేత్తో పిండేసి ముద్దలో కలుపుతారు. ఇంత కష్టపడి తీసిన నీటిని మళ్లీ చేతులారా లోపలికి పంపడం అది. పొడి బ్రెడ్డు వేస్తే వేయండి, తడిపి వద్దు. నేనైతే బ్రెడ్డు కూడా వాడను. మనకు ఇంట్లోనే అంతకంటే మంచివి రెండున్నాయి: బొరుగులు, పప్పులు. పప్పులంటే పుట్నాలే, ఉగ్గానిలో చల్లుకునే పప్పుల పొడికి వాడేవి. బొరుగులను కరకరలాడేదాకా వేడిచేసి మిక్సీలో రవ్వలా తిప్పండి. ఆ రవ్వ తడిని ఇట్టే పీల్చుకుంటుంది, మైదాలా జిగురు పట్టదు. పుట్నాల పొడి అప్పటికే వేగిన శనగపప్పు కాబట్టి పచ్చి పిండి వాసన ఉండదు, ముద్దను కూడా పట్టి ఉంచుతుంది.

వెజ్ బర్గర్‌కు పొడి అలవాటు కొత్తదేమీ కాదు. 1982లో లండన్‌లో గ్రెగరీ శామ్స్ వెజ్‌బర్గర్ పేరుతో ప్యాకెట్లు అమ్మకానికి తెచ్చినప్పుడు అది పొడి మిశ్రమమే. కొన్నవాళ్లు ఇంట్లో నీళ్లు కొలిచి కలుపుకుని ప్యాటీ తట్టుకునేవారు. నీళ్లెన్నో మన చేతిలో ఉంటే తిప్పలుండవు. మన పద్ధతిలో దుంప, కూరగాయలు ఎంత నీరు తెస్తాయో కొలతకు అందదు కాబట్టి, ముందు తీసేసి తర్వాత అవసరమైతే చల్లుకోవడమే దారి.

ఎనిమిది ప్యాటీలకు నా కొలతలు ఇవి. ఉడికించి చల్లార్చిన దుంప 300 గ్రాములు. ఉడికిన అలసందలు 150 గ్రాములు, అంటే నానబెట్టక ముందు సుమారు 70 గ్రాములు. పొడిపొడిగా వండిన కొర్రన్నం 100 గ్రాములు. వేయించిన క్యారెట్, బీన్స్, ఉల్లి అన్నీ కలిపి 100 గ్రాములు. బొరుగుల రవ్వ 40 గ్రాములు, పుట్నాల పొడి 20 గ్రాములు. అల్లం వెల్లుల్లి, కారం, ధనియాల పొడి, కొత్తిమీర, ఉప్పు మీ నోటికి తగినట్టు. ఒక్కో ప్యాటీకి 90 గ్రాముల చొప్పున వస్తుంది.

అలసందలు, కొర్రలు ఎందుకని అడుగుతారేమో. మన దేశంలో మెక్‌డొనాల్డ్స్ 1996లో తలుపు తెరిచిన తర్వాత వెజ్ బర్గర్ అంటే ఆలూ టిక్కీ అనే ముద్ర పడిపోయింది. ఉట్టి దుంప ప్యాటీ పైన ఎంత కరకరలాడినా లోపల ఒకటే మెత్తదనం, బన్ను కూడా మెత్తనే, నోటికి పని ఉండదు. సగం నలిగిన అలసంద, పంటికి తగిలే కొర్ర గింజ ఉంటే నమలడానికి ఏదో ఉంటుంది. అలసంద వడలు తినే ఊళ్లవాళ్లం, ఆ రుచి మన పిల్లలకు కొత్తేమీ కాదు. ఒకటే జాగ్రత్త: కుక్కరులోంచి తీసిన అలసందలను చిల్లుల గిన్నెలో వంచి, గుడ్డ మీద పది నిమిషాలు ఆరబెట్టండి. కొర్రలకు కూడా మామూలుగా కొర్రన్నానికి పోసేదానికంటే నీళ్లు తగ్గించండి. కొర్రన్నం సంకటిలా అయితే మళ్లీ మొదటికొస్తారు.

అలసందలకు బదులు రాజ్మా వేస్తానంటే వేయండి, కానీ ఒక హెచ్చరిక. రాజ్మాను నానబెట్టి, వడలకు పప్పు రుబ్బినట్టు పచ్చిగా రుబ్బి ప్యాటీ చేయకండి. పచ్చి రాజ్మాలో ఉండే లెక్టిన్ అనే పదార్థం కడుపును పట్టుకుంటుంది, వాంతులు, విరేచనాలు అవుతాయి. పెనం మీద పైపైన కాలిన ప్యాటీలో లోపలి వేడి దాన్ని చంపడానికి చాలదు. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో వేళ్ల మధ్య నలిగేదాకా కుక్కరులో ఉడికించాలి.

బీట్‌రూట్ రంగు కోసం వేయాలనిపిస్తుంది. తురిమి, వేయించి, రెండు చెంచాలకు మించకుండా అయితే ఫరవాలేదు. సోయా ముక్కలు వేస్తే వేడి నీళ్లలో నానాక బట్ట పిండినట్టు పిండండి. ఓట్స్, అవిసె గింజల పొడి వేసి ఆరోగ్యం అనేవారున్నారు, వాళ్ల ఇష్టం. నాకు మాత్రం అవిసె జిగురు నచ్చదు.

ముద్ద కలిపాక అన్నీ ఒకేసారి తట్టకండి. నిమ్మకాయంత తీసి చిన్న బిళ్ల తట్టి కాల్చి చూడండి. విరిగితే ఇంకో రెండు చెంచాల బొరుగుల రవ్వ కలిపి పది నిమిషాలు ఆగండి. ఉప్పు, కారం కూడా అప్పుడే తెలుస్తాయి. నేను ఇప్పటికీ రోజూ ఈ పని చేస్తాను.

తట్టడానికి ఊరగాయ సీసా మూత తీసుకుని లోపల ప్లాస్టిక్ కాగితం పరచండి. బన్ను కంటే ప్యాటీ వేలు మందం వెడల్పుగా ఉండాలి, మందం ఒకటిన్నర సెంటీమీటర్లు. అంచుల్లో పగుళ్లు ఉంటే తడి వేలితో పూడ్చేయండి, పెనం మీద ప్యాటీ చీలేది అక్కడినుంచే. తర్వాత పళ్లెంలో పరిచి, మూత లేకుండా ఫ్రిజ్‌లో అరగంట నుంచి గంట.

పైన కరకర కావాలంటే మూడు చెంచాల మైదాను నీళ్లలో పలుచని దోసెపిండిలా కలిపి, ప్యాటీని ముంచి, బొరుగుల రవ్వలో దొర్లించండి. రస్కుల పొడి కూడా వాడవచ్చు గానీ రస్కులో చక్కెర ఉంటుంది, లోపల వేడెక్కక ముందే పైన నల్లబడుతుంది.

పెనం గురించి రెండు మాటలు. దోసెలు పోసి పోసి నునుపెక్కిన ఇనుప పెనం ఉంటే దాన్ని మించింది లేదు. మూడు నాలుగు చెంచాల నూనె, మధ్యస్థ మంట, ఒక్కో వైపు నాలుగు నిమిషాలు. ఈ నాలుగు నిమిషాలూ దాన్ని ముట్టుకోకండి. అడుగున పొర కట్టాక ప్యాటీ తనంతట తానే పెనాన్ని వదులుతుంది. వదలలేదంటే ఇంకా కాలలేదని అర్థం. అట్లకాడతో పైనుంచి నొక్కడం, రెండేసిసార్లు తిప్పడం వద్దు. బాండలిలో మునిగేలా వేయించాలంటే నూనె బాగా కాగి ఉండాలి, చిన్న ముక్క వేస్తే వెంటనే పైకి తేలాలి. కాగని నూనెలో వేస్తే ప్యాటీ నూనె తాగి విచ్చిపోతుంది.

ఇప్పుడు బన్ను. ప్యాటీలో నీటిని తరిమాం, బన్నులో మాత్రం దాన్ని పట్టి ఉంచాలి. ఇంట్లో చేసిన బన్ను సాయంత్రానికే ఎండిపోతుందని అంటారు కదా, దానికి ఒక ఉపాయం ఉంది. ఎనిమిది బన్నులకు 300 గ్రాముల మైదా, 190 మిల్లీలీటర్ల పాలు తీసుకుంటాం. అందులోంచి 20 గ్రాముల మైదా, 100 మిల్లీలీటర్ల పాలు వేరుచేసి చిన్న మంట మీద జావలా కాచి చల్లార్చండి. ఉడికిన పిండి నీటిని పట్టి ఉంచుతుంది కాబట్టి బన్ను మరుసటి రోజు కూడా మెత్తగా ఉంటుంది. మిగతా మైదా, పాలు, ఈ జావ, 4 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్, 20 గ్రాముల చక్కెర, 5 గ్రాముల ఉప్పు వేసి కలిపి, చివర 30 గ్రాముల వెన్న వేసి పది పన్నెండు నిమిషాలు పిసకాలి. మొదట చేతికి అంటుకుంటుంది. అప్పుడు భయపడి పొడి మైదా చల్లకండి, పిసికేకొద్దీ నునుపెక్కుతుంది. చక్కెర ఇంతకంటే తగ్గించవచ్చు. బయట కొనే బన్ను తీపిగా ఉందన్నారు కాబట్టి మీరు 10 గ్రాములతో మొదలుపెట్టండి.

పిండి రెట్టింపయ్యాక ఎనిమిది ఉండలు చేసి, కొద్దిగా అదిమి, మళ్లీ ఉబ్బనివ్వాలి. వేలితో మెల్లగా నొక్కితే గుంట నిదానంగా పైకి రావాలి. గబుక్కున లేస్తే ఇంకా ఆగాలి, అసలు లేవకపోతే ఆలస్యమైపోయింది.

పుస్తకాల్లో గంట, గంటన్నర అని రాస్తారు. అవి మన ఎండలు ఎరిగిన పుస్తకాలు కావు. కర్నూలు, కడపల్లో ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నాల్లో వంటగది 40 డిగ్రీలకు చేరడం మామూలే. బేకరీలో పని మానేశాక ఇంట్లో మొదటిసారి బన్నులు చేసిన రోజు కరెంటు పోయింది, నేను బయట మాటల్లో పడ్డాను. ముప్పావు గంటకే పిండి గిన్నె దాటి గట్టు మీదికి పొంగింది, పులిసిన వాసన. ఎండాకాలంలో ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లని పాలు వాడండి, ఈస్ట్ 3 గ్రాములకు తగ్గించండి, గడియారం కాకుండా గిన్నెను చూడండి. చలికాలంలో పాలు గోరువెచ్చగా, 38 డిగ్రీల దగ్గర ఉంటే చాలు. వేలు పెట్టలేనంత వేడి పాలలో ఈస్ట్ చచ్చిపోతుంది, ఆ తర్వాత ఎంతసేపు ఆగినా పిండి లేవదు.

ఓవెన్ లేదన్నది పెద్ద అడ్డంకి కాదు. అడుగు మందంగా ఉన్న పాత దబరలో ఉప్పు పరిచి, స్టాండు పెట్టి, మూతతో పది నిమిషాలు వేడిచేసి, లోపల పళ్లెంలో బన్నులు పెట్టి చిన్న మంట మీద ఇరవై నుంచి పాతిక నిమిషాలు ఉంచితే కాలుతాయి. పైన ఎర్రబడవు, అంతే తేడా. మంచి కుక్కరును ఇలా నీళ్లు లేకుండా వేడిచేయకండి, పాడవుతుంది. నాకు ఇంతకంటే నచ్చే పద్ధతి పెనం మీద కాల్చడం. ఉబ్బిన ఉండల అడుగున కాస్త బొంబాయి రవ్వ చల్లి, పెనం మీద పెట్టి, మూతపెట్టి, బాగా చిన్న మంట మీద ఒక్కో వైపు ఆరేడు నిమిషాలు. అంగట్లో కొన్న బన్నులా పైన గుండ్రంగా ఉండదు, రెండు వైపులా చదునుగా ఎర్రగా వస్తుంది. కడపలో హాస్టల్లో ఉండే మా అన్న కూతురు ఒక చిన్న కరెంటు స్టవ్, ఒక దోసె పెనంతో ఇలాగే చేస్తుంది. చదునుగా ఉండడం వల్ల ప్యాటీ జారదని కూడా అదే కనిపెట్టింది.

జారడం ఎందుకంటే, బన్ను లోపలి వైపు తడిసి మెత్తబడుతుంది, దాని మీద నున్నటి టమాటా, దాని మీద ప్యాటీ. ఇక పట్టు ఎక్కడుంటుంది? కోసిన వైపులకు వెన్న రాసి, ఎర్రగా గట్టిపడేదాకా పెనం మీద కాల్చండి. టమాటా చక్రాలకు ఉప్పు చల్లి ఐదు నిమిషాల తర్వాత గుడ్డతో అద్దండి. అవి ప్యాటీ మీద ఉండాలి, బన్నుకు తగలకూడదు. ప్యాటీ కింద మాత్రం గట్టి చట్నీ రాయండి. నీళ్లు పోయకుండా రుబ్బిన వేరుశనగ చట్నీ ఇక్కడ జిగురులా పనిచేస్తుంది, కెచప్ ఆ పని చేయదు. లెట్యూస్ ఆకు మన రైతు బజార్లలో వెతికి అలసిపోకండి, దారంలా తరిగిన క్యాబేజీ చాలు. అంతా పేర్చాక అరచేతితో మెల్లగా నొక్కి రెండు నిమిషాలు ఆగి ఇవ్వండి.

కారం దోసెకు రాసే ఎర్రకారం ఇంట్లో చేస్తే, అదొక చెంచా రెండు చెంచాల గట్టి పెరుగులో కలిపి పై బన్నుకు రాయండి. మా అంగడిలో మయొనీజ్ కంటే ఇదే ఎక్కువ వెళుతుంది. పిల్లలకు మయొనీజే కావాలంటే గుడ్డు లేకుండా చేయవచ్చు. బాగా చల్లని పాలు 60 మిల్లీలీటర్లు, వాసన లేని నూనె 120 మిల్లీలీటర్లు, ఉప్పు, ఆవపొడి చిటికెడు వేసి చిన్న జారులో ఆపి ఆపి తిప్పండి. చిక్కబడ్డాక చెంచా నిమ్మరసం. పాలలోని మాంసకృత్తులే నూనెను పట్టి ఉంచుతాయి. పాలు చల్లగా లేకపోతే విరిగిపోతుంది. ఫ్రిజ్‌లో రెండు రోజులు, అంతకు మించి ఉంచకండి.

ప్యాటీలు ఎక్కువ చేసుకుంటే కాల్చక ముందే పళ్లెంలో విడివిడిగా గడ్డకట్టించి, తర్వాత డబ్బాలో సర్దండి. డీప్ ఫ్రీజర్ భాగంలో నెల రోజులు ఉంటాయి. కాల్చేటప్పుడు బయటపెట్టి కరగనివ్వకండి, మంచు నీరై మళ్లీ అదే గొడవ. గడ్డకట్టినవి గడ్డకట్టినట్టే చిన్న మంట మీద పెనం మీదికి వెళ్లాలి.

ఆదివారం చేయాలనుకుంటే శనివారం రాత్రే దుంపలు ఉడకబెట్టండి. ఇంత చేసినా విరిగితే, వచ్చి ఫోటో పెట్టనక్కర్లేదు, మీరు వేసిన కూరగాయల పేర్లన్నీ రాయండి. చాలాసార్లు వాటి మధ్యలోంచి తురిమిన సొరకాయో, పచ్చి క్యాబేజీయో బయటపడుతుంది.